కుర్చీ వద్దన్న మేనకోడలు

మూడు ఉత్తరాలు రాశాను. పలాసలోని ఆ పన్ను సలహాదారు ఒక్కదానికీ బదులివ్వలేదు.

నిరుడు నా మేనకోడలికి పద్దెనిమిదేళ్లు. మా ఇంట్లో ఉండి చదువుకుంటూ, ఒక కంపెనీ ప్రకటనలకు ఒడియాలో, తెలుగులో గొంతు ఇచ్చేది. వాళ్లు పన్ను పట్టుకుని మిగతాది ఇచ్చారు. ఆ పన్ను తిరిగి రావాలంటే రిటర్ను వెయ్యాలేమోనని ఆయన దగ్గరికి వెళ్లాం.

"మేనమావ ఇంట్లో తింటన్న పిల్లకి రిటర్నేటి? కూకో అమ్మా, టీ తాగి ఎల్లు," అని నవ్వాడు.

పని తేలేదాకా కూర్చునే అలవాటు దానికి లేదు. "కూకోడానికి రానేదండి. అక్కర్నేదని రాసి సంతకం ఎట్టండి," అంది.

ఆయన పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టేశాడు. ఆఫీసు బెంచీల మీదే ముసలివాణ్నయిన నాకు ఆ పూట ఛాతీ పొంగింది.

అయ్యా, పన్ను అధికారి గారూ, తిండి నాది, సంపాదన దానిది. రిటర్ను వెయ్యాలా, వద్దా? మీరైనా రాసివ్వండి.