కురచ నిమిషాలు

టైపు నేర్పే టీచరమ్మ వేగం నిమిషానికి అరవై మాటలు. ఇరవై ఏళ్ళుగా అంతే. జలుబు చేసినా, ఇంటి నిండా చుట్టాలున్నా అరవై తగ్గేది కాదు. ముందుగదిలో కిటికీ పక్కనున్న పాత కంప్యూటరు మీదే అందరికీ పది నిమిషాల పరీక్ష పెట్టేది. గడువు కాగానే అది కుయ్యిమనేది, ఇక చేతులెత్తెయ్యాల్సిందే.

ఒక సోమవారం నుంచి అందరి వేగమూ పడిపోయింది. పదోన్నతికి నలభై మాటలు కావాలని రోజూ వచ్చే కోర్టు గుమాస్తా ముప్పై ఆరు నుంచి ఇరవై ఏడుకు జారాడు.

"ఇంట్లో ప్రాక్టీసు మానేశారా?" టీచరమ్మ గుడ్లురిమింది.

"అయ్యో లేదండీ! నిద్రలో కూడా తన వీపు మీద టైపు కొడుతున్నానని మా ఆవిడ ఒకటే గోల."

ఆయన్ని నలుగురిలో కడిగేసి, ఎలా కొట్టాలో చూపిస్తానని తనే కూర్చుంది. నలభై ఐదు వచ్చింది. గుమాస్తా మర్యాదగా గోడకేసి చూశాడు.

వేళ్ళు మొండికేశాయనుకుని ఆవిడ వేడినీళ్ళలో నానబెట్టింది. వారం చూసి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. "నిక్షేపంలా ఉన్నాయమ్మా" అన్నాడాయన. మర్నాడు మళ్ళీ పరీక్షకు కూర్చుని, ఎందుకో గోడ గడియారం చూసుకుంది. ఏడున్నర నిమిషాలకే కంప్యూటరు కుయ్యిమంది. ముందు గడియారాన్నే అనుమానించి బ్యాటరీ మార్చింది. అయినా ఏడున్నరే.

అప్పుడు గుర్తొచ్చాడు తమ్ముడు. కంప్యూటర్లు బాగుచేసే ఆ మహానుభావుడు, దుమ్ము దులుపుతానని ఆ సోమవారానికి ముందురోజే వచ్చి మూడు గంటలు కూర్చున్నాడు.

"ఏం చేశావురా దీన్ని?"

"ప్రాసెసర్ వేగం కాస్త పెంచానక్కా. ఊరికే వస్తుంటే వదులుకోవడమెందుకని."

"మరి నా నిమిషాలేమయ్యాయి?"

అతను తల గోక్కున్నాడు. ఆ పాత ప్రోగ్రాం గడియారం చూడదు. ప్రాసెసర్ ఇన్నిసార్లు లెక్కపెడితే ఒక నిమిషమని నమ్ముతుంది. లెక్క జోరందుకుంటే నిమిషం కురచైపోతుంది.

అక్క చూపుకు హడలి, అతను వేగాన్ని మరీ తగ్గించేశాడు. ఈసారి ఆవిడకు డెబ్బై రెండు వచ్చింది. ముఖం వెలిగిపోయింది. గోడ గడియారం చూస్తే పన్నెండు నిమిషాలు.

"మొదట ఎంతుందో అంతే పెట్టు" అంది నీరసంగా.

గుమాస్తాకు క్షమాపణ చెప్పడానికి ఆవిడకు నోరు రాలేదు. కుర్చీ మాత్రం తనే తుడిచి వేసింది. ఆయన కూర్చుని నలభై నాలుగు కొట్టాడు. కురచ నిమిషాలను అందుకోవాలని వారమంతా తంటాలు పడ్డాడు మరి!

అసలు పరీక్ష పాసయ్యాక గుమాస్తా తన మరదలిని వెంటబెట్టుకొచ్చాడు.

"ఈమెకూ నేర్పండి మేడం. కాకపోతే, తమ్ముడుగారికి చెప్పి ఓ వారం ఆ జోరు పెట్టించరూ?"

"మెల్లగా అనండి!" టీచరమ్మ కంగారుగా వెనక్కి చూసింది. "వాడు పక్కగదిలోనే ఉన్నాడు."