నల్లగుడ్డు రంగు

నేను చిత్రకారిణినని చెప్పుకోవడానికి చాలాకాలం మొహమాటపడ్డాను. చదివింది బొమ్మలు వేసే చదువే. కానీ నా బొమ్మలు గోడల మీద వేలాడవు. నేను వేసేవి ఒక్కొక్కటీ చొక్కా గుండీ అంత ఉంటాయి, మనుషుల మొహాల్లో ఉంటాయి. విజయవాడ సూర్యారావుపేటలో ఒక చిన్న గదిలో కూర్చుని, కన్ను పోయినవాళ్ళ కోసం తయారుచేసే పెట్టుడు కళ్ళకు రంగులు వేస్తాను.

మాది కొల్లేటి ఒడ్డున ఒక ఊరు. నాన్న చేపల చెరువుల మీద పనిచేసేవాడు. అమ్మ హనుమాన్ జంక్షన్‌లో రోడ్డు పక్కన చేపలు అమ్మేది. సెలవు రోజుల్లో ఆమె పక్కన కూర్చునేదాన్ని. చేపలు ఐసులో పెట్టి తెచ్చే తెల్లటి థర్మోకోల్ పెట్టెలకు మూతలుంటాయి. ఆ మూతల మీద బాల్ పెన్నుతో బొమ్మలు వేసేదాన్ని. పెన్ను మొన థర్మోకోల్‌లో దిగబడుతుంది కాబట్టి గీత తప్పితే చెరపడానికి వీలుండదు. ఎదురుగా ఆగిన లారీలు, బస్సు దిగేవాళ్ళు, బేరమాడే ఆడవాళ్ళ చేతులు, ఏది కనబడితే అది వేసేదాన్ని. ఒకసారి చేపలు కొనడానికొచ్చిన పెద్దమనిషి ఒకాయన మూత చేతిలోకి తీసుకుని చూసి, "ఈ పిల్లని ఏం చదివిస్తావమ్మా?" అని అడిగాడు.

అమ్మ కత్తిపీట మీద నుంచి తలెత్తకుండా, "దాని చెయ్యి ఎటు తీసుకుపోతే అటు పోద్ది లెండి" అంది.

నా చెయ్యి నన్ను బొమ్మల డిగ్రీ దాకా తీసుకుపోయింది. అక్కడ పెద్ద పెద్ద కాన్వాసుల మీద నీళ్ళూ ఆకాశమూ వేశాను. చదువయ్యాక విజయవాడ వచ్చి లేడీస్ హాస్టల్లో ఒక మంచం తీసుకుని పని వెతుక్కున్నాను. దొరికిన పని ఒక కోచింగ్ కాలేజీలో. వాళ్ళు అచ్చువేసే బయాలజీ పుస్తకాలకు బొమ్మలు వెయ్యాలి. గుండె, మూత్రపిండం, బొద్దింక, కంటిని నిలువుగా కోసిన బొమ్మ. నాలుగేళ్ళు అవే వేశాను. తరవాత బొమ్మలన్నీ కంప్యూటర్లో తయారవడం మొదలైంది. నాకు పని తగ్గిపోయింది.

అప్పుడు ఆ కాలేజీ జువాలజీ లెక్చరర్ ఒకాయన చెప్పారు. సూర్యారావుపేటలో పెట్టుడు కళ్ళు చేసే పెద్దాయన ఉన్నారనీ, ఆయనకు చెయ్యి వణకడం మొదలైందనీ, రంగులు వేసే మనిషి కోసం చూస్తున్నారనీ. నేను పెద్ద ఇష్టంగా వెళ్ళలేదు. కాన్వాసులు వేసిన దాన్ని గుండీలకు రంగులేయడానికి పోతున్నానని మనసులో గుణుక్కుంటూ వెళ్ళాను.

మేడ మీద గది. ఉత్తరం వైపు పెద్ద కిటికీ, దాని ముందు బల్ల. బల్ల మీద మైనం ముద్దలు, తెల్ల ప్లాస్టిక్ పొడి సీసాలు, సన్నటి కుంచెలు. ఆయనకు డెబ్బై దాటి ఉంటాయి. నా సర్టిఫికెట్లేవీ అడగలేదు. భూతద్దం చేతికిచ్చి, కిటికీ వైపు తిరిగి కూర్చుని కళ్ళజోడు తీశారు.

"నా కన్ను చూడమ్మా. నల్లగుడ్డు ఏం రంగు?"

"నలుపండి."

"తొందరేం లేదు. చూడు."

దగ్గరికి వంగి చూశాను. మధ్యలో కనుపాప ఒక్కటే నలుపు. దాని చుట్టూ లేత బెల్లప్పాకం రంగులో ముడతలు పడ్డ ఒక కట్టు. అక్కణ్ణుంచి అంచుదాకా దారాలు. వందలో వేలో నాకు తెలియదు. కొన్ని తిన్నగా ఉన్నాయి, కొన్ని వంకర్లు తిరిగాయి, కొన్ని దారి మధ్యలో రెండుగా చీలాయి. దారాల సందుల్లో చిన్న చిన్న గుంటలు, గుంటల అడుగున పాచి రంగు. ఒక పక్కన ఎర్రమట్టి చల్లినట్టు నాలుగు చుక్కలు. అన్నిటికీ అవతల, వయసు వల్ల వచ్చిన బూడిద నీలం అంచు. ఆయన వెలుతురు వైపు కొంచెం తిరిగారు. కనుపాప చిన్నదైంది, ఆ దారాలన్నీ ఒక్కసారి సాగాయి. నేను భూతద్దం దించలేదు. ఆయన రెప్ప వేసినప్పుడల్లా నాకు చిరాకు కలిగింది. నాలుగేళ్ళపాటు పుస్తకాల కోసం కన్ను గీసిన నేను, కన్ను చూడటం అదే మొదటిసారి.

"మనవాళ్ళవన్నీ నల్ల కళ్ళే అనుకున్నానండీ" అన్నాను.

"నలభయ్యేళ్ళ నుంచి చూస్తన్నానమ్మా. నల్ల కన్ను నాకింతవరకు కనపళ్ళేదు" అన్నారాయన.

ఆ సాయంత్రం సిటీ బస్సులో అందరి కళ్ళలోకీ చూస్తూ కూర్చున్నాను. కిటికీ పక్కనున్న ఒకావిడ కళ్ళ మీద ఎండ పడుతోంది. పల్చటి టీ రంగు, అంచున ఆకుపచ్చ. "ఏంటమ్మా అట్టా చూస్తన్నావ్?" అని ఆవిడ కసిరితే తల దించుకున్నాను. రెండు స్టాపులయ్యాక మళ్ళీ చూశాను.

మర్నాటి నుంచి పనిలో చేరాను. ఆయన్ని మాస్టారూ అని పిలిచేదాన్ని. ఆరు నెలలు ఏ మనిషి కన్నూ నా చేతికివ్వలేదు. చిన్న నల్లటి బిళ్ళల మీద దారాలు గీయడం, తుడిచేయడం, మళ్ళీ గీయడం. తెల్లగుడ్డు మీద రక్తనాళాల కోసం ఎర్ర పట్టుదారాన్ని పోగు పోగుగా విడదీసి అతికించడం. మొదట్లో నా పోగులు తాళ్ళలాగా ఉండేవి.

నేను మొదట రంగు వేసింది గుడివాడ వైపు నుంచి వచ్చిన ఒక రైతు భార్యకు. కుప్ప నూర్చేటప్పుడు వరి కొస కంట్లో గుచ్చుకుంది. రెండు వారాలు పసరు పోసి, ఆసుపత్రికి వచ్చేసరికి ఆలస్యమైంది. కన్ను తీసేయాల్సి వచ్చింది. నల్ల కళ్ళజోడు పెట్టుకుని, భర్త చెయ్యి పట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

"ఏడాదైందండి, ఏ పేరంటానికీ రాట్లేదు" అన్నాడాయన. "రమ్మంటే తలనొప్పంటది."

మాస్టారు ఆమె కంటి గుంట కొలతలు తీసుకుని మైనంతో అచ్చు చేశారు. రంగు నన్ను వేయమన్నారు. రెండు రోజులు ఆమె కిటికీ ముందు కూర్చుంది. నేను ఆమె రెండో కన్ను చూస్తూ వేశాను. ముదురు తేనె రంగు, కింది వైపు గసగసాల గింజంత గోధుమరంగు మచ్చ. ఆ మచ్చతో సహా దించాను. ఎంత బాగా వచ్చిందో అని పొంగిపోయాను. మాస్టారు దాన్ని చేతిలోకి తీసుకున్నారు. దాని మీద పారదర్శకమైన పొర పోసి, వేడినీళ్ళలో గట్టిపరిచి తీశాక చూస్తే, తేనె రంగంతా కాఫీ గింజ రంగైపోయింది.

నా మొహం చూసి ఆయన మెల్లగా చెప్పారు. "పొర పడితే రంగు ముదురుతుందమ్మా. ముందే చెప్తే నీకు గుర్తుండదు."

తరవాత ఇంకో బిళ్ళ తీసి, నన్ను రంగు వేయమని, దాని మీద ఒక నీటి చుక్క వేశారు. చుక్క కింద రంగు లోతుకు పోయింది. నేను గీసిన పల్చటి గీతలు నీళ్ళ అడుగున కదులుతున్నట్టు కనిపించాయి. పొర పడ్డాక రంగు అలాగే ఉంటుందట. ఆ రోజంతా గీత గీయడం, చుక్క వేయడం, గుడ్డతో అద్దేయడం.

మళ్ళీ ఆ మచ్చ దగ్గరికి వచ్చేసరికి ఆయన నా చెయ్యి ఆపారు.

"అది ఆ కంటి మచ్చ. పోయిన కంటికి ఉందో లేదో మనకేం తెలుసు?"

"మరి ఎలా ఉండేదో ఎలా తెలుస్తుందండీ?"

"తెలీదు. అక్కడే నువ్వు ఆలోచించాలి. అక్కాచెల్లెళ్ళలాగా ఉండాలి గానీ జిరాక్సు కాపీలాగా ఉండకూడదు."

చూసింది చూసినట్టు దించడం నాకు చేతనయిన పనే. లేని కన్ను ఎలా ఉండేదో ఊహించి, ఆ ఊహ ఆమె మొహంలో ఇమిడేలా చేయడం అప్పటిదాకా నన్నెవరూ అడగలేదు. మచ్చ మానేసి, పైన ఒక దారాన్ని కొంచెం పక్కకు వంచాను.

నాలుగో రోజు మాస్టారు ఆ కన్ను ఆమెకు పెట్టారు. ఆమె అద్దం తీసుకుంది. తరవాత, కొత్త కన్ను ఒక్కదాన్నే చూసుకోవాలనుకుందో ఏమో, మంచి కన్నుకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. అంతా చీకటైంది. ఆమెకు నవ్వొచ్చింది.

"నా పిచ్చి పాడుగాను, ఇది మూస్తే అదెట్టా కనపడద్ది" అంది.

భర్త కుర్చీలోంచి లేచి వచ్చాడు. "ఏదీ, అటు చూడు. ఇటు చూడు. గోడ కేసి చూడు." ఆమె చూసింది. మా వైపు తిరిగి, "రెండూ కలిసే తిరుగుతున్నాయండీ" అన్నాడు. ఆ మాటే మూడుసార్లు అన్నాడు. ఆమె నా వైపు చూసింది. అంతకు ముందురోజు నా బల్ల మీద ఉన్న బిళ్ళ ఇప్పుడు నా వైపు చూస్తోంది. అది చూడదని నాకు తెలుసు. తెలిసినా నేను పైట సర్దుకుని సరిగ్గా నిలబడ్డాను.

వెళ్ళేటప్పుడు నల్ల కళ్ళజోడు బల్ల మీదే మర్చిపోయింది. నేను మెట్ల దాకా పరిగెత్తి ఇవ్వబోతే, "మీ దగ్గరే ఉంచుకోండమ్మా" అంది.

నాతో చదివినవాళ్ళు కొందరు పెద్ద ఊళ్ళలో ప్రదర్శనలు పెట్టారు. ఒకామె విజయవాడలో పెట్టినప్పుడు వెళ్ళాను. గోడ నిండా ఆమె వేసిన సముద్రం. నిజంగానే బాగుంది. "నీవి ఎక్కడ పెడుతున్నావు?" అని అడిగింది. "బయట తిరుగుతుంటాయి" అన్నాను. ఆమెకు అర్థంకాక నవ్వింది. మొదట్లో ఇలాంటివి గుచ్చుకునేవి. నా పనికి కింద సంతకం ఉండదు. అది బొమ్మ అని ఎవరైనా కనిపెడితే నేను తప్పినట్టే. ఆ బాధ ఎప్పుడు పోయిందో చెప్పలేను. ఏ రోజు గదిలోకి ఎవరు వచ్చినా, భూతద్దం పెట్టి చూడగానే నేనెన్నడూ చూడని రంగు ఒకటి ఉంటుంది. అది చూసే తొందరలో మిగతావి మర్చిపోతూ వచ్చాను.

మాస్టారు తన కళ్ళకు శుక్లాలు వచ్చాక కూడా గదికి వచ్చి కూర్చునేవారు. కనబడకపోయినా, "వెలుతురు ఎట్టా ఉంది? మబ్బేసిందా? అయితే ఇప్పుడు ముట్టుకోకు" అనేవారు. రెండేళ్ళ క్రితం వానాకాలంలో పోయారు. గది నాకు వదిలారు.

ఇబ్రహీంపట్నం నుంచి వచ్చే ఒక అమ్మాయి ఉంది. వాళ్ళ నాన్న థర్మల్ స్టేషన్లో పనిచేస్తాడు. మూడేళ్ళ వయసులో కంటిలో గడ్డ వచ్చి కన్ను తీసేశారు. అప్పటి నుంచీ నా దగ్గరికే వస్తోంది. పిల్లలు పెరిగేకొద్దీ కంటి గుంట పెరుగుతుంది, కన్ను మార్చాలి. చిన్నదైపోయిన కళ్ళు పారేయబుద్ధి కాక దూదిలో పెట్టి దాచాను. ఐదున్నాయి. అప్పుడప్పుడు తీసి వరసగా పెట్టి చూస్తాను. నల్లగుడ్డు పెద్దగా మారలేదు, తెలుపే మారింది. మూడేళ్ళప్పుడు ఆ పిల్ల తెల్లగుడ్డు పాలలో నీలం చుక్క కలిపినట్టుండేది. ఏడేళ్ళకు నీలం పోయింది. పదమూడేళ్ళకు మూలల్లో లేత పసుపు వచ్చింది. ఆ మార్పు వాళ్ళ అమ్మకు కూడా తెలియదు. రోజూ చూసేవాళ్ళకు తెలియదు. కొన్నేళ్ళకోసారి కిటికీ ముందు కూర్చోబెట్టి, తెలుపులో ఏం కలపాలా అని వెతికేదాన్ని కాబట్టి నాకు తెలిసింది.

ఇప్పుడు ఇంటర్ చదువుతోంది, విజయవాడలోనే హాస్టల్లో ఉంటోంది. మొన్న కన్ను పాలిష్ చేయించుకోవడానికి మొదటిసారి ఒంటరిగా వచ్చింది.

"ఆంటీ, మా రూమ్మేట్‌కి చెప్పేశానండీ" అంది.

"ఏమంది?"

"నమ్మలేదు. ఏది పెట్టుడు కన్నో చెప్పుకో చూద్దాం అన్నాను. లైటు దగ్గరికి తీసుకెళ్ళి బాగా చూసి, ఇదీ అంది." ఏ కన్నో నాకు వేలు పెట్టి చూపించింది. అది తన సొంత కన్ను.

ఇద్దరం నవ్వుకున్నాం. పాలిష్ చేసి, కడిగి, ఆమె చేతిలో పెట్టాను. తనే అద్దం చూడకుండా పెట్టుకుని, మూడింటికి ఫిజిక్స్ క్లాసుందని గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయింది. బయట ఎండ బాగా కాస్తోంది. కిటికీ తెర పూర్తిగా పక్కకు లాగి, బెంచీ మీద తన వంతు కోసం ఎదురుచూస్తున్న ఒక పెద్దాయన్ని లోపలికి రమ్మన్నాను.