నీటికుక్కల అర్జీ

మామిడి తోటలున్న మనిషికి చేపల గొడవెందుకు? ఈ మాట మా మావగారిని అడగాలని వెయ్యిసార్లు అనుకున్నాను. కొత్తకోడల్ని గనక నోరు మూసుకున్నాను.

అసలు నిప్పు రాజేసింది మా నాన్న. మాది కొల్లేటి పక్క ఊరు, చేప లేకపోతే ముద్ద దిగదు. పెళ్ళి మాటలకి ఆగిరిపల్లి దగ్గర ఈ తోటకి వచ్చి, భోజనాల దగ్గర, "పులుసు బ్రహ్మాండం బావగారూ, చేపకే, నీళ్ళొదిలాక కాస్త వయసు పైబడింది. మెట్టవాళ్ళు కదా, మామిడికాయ తెలిసినట్టు మీకు చేప తెలీదులెండి" అన్నాడు. అందరూ నవ్వారు, మావగారు తప్ప.

పెళ్ళయిన వారానికి ఆయన తోట చివర గుంటలో శీలావతి చేపపిల్లల్ని వదిలారు. "వచ్చే వేసవికి మీ నాన్న రసాలు తినడానికి వస్తాడుగా అమ్మాయ్. నా గుంటలో చేప నా చేత్తో పట్టి పెడతాను. అప్పుడు ఆ కొల్లేటి నోరేమంటుందో చూద్దాం" అన్నారు. ఏడాది పొడుగునా తవుడు, వేరుశనగ చెక్క తనే మోసుకెళ్ళి వేశారు. సొంత కొడుకు అన్నం తిన్నాడో లేదో అడగరు గానీ, చేపలకి మేత వేశారా అని పూటకోసారి అడిగేవారు.

వేసవి వచ్చింది, తోట పక్క వాగు ఎండింది. ఒక పొద్దున గుంట గట్టు మీద చేప తలకాయలు, పొలుసులు కనిపించాయి. నీళ్ళలో నాలుగు జంతువులు నిగనిగలాడుతూ, ఈలలేసుకుంటూ మునిగి తేలుతున్నాయి.

"నీటికుక్కలండీ! వాగులో నీళ్ళు లేవు కదా, కాపురం ఇక్కడికి మార్చాయి" అన్నాడు పాలేరు.

మావగారు డబ్బాలు వాయించారు. తన పాత చొక్కా తొడిగి దిష్టిబొమ్మ నిలబెట్టారు. అవి దాని కాళ్ళ దగ్గరే కూర్చుని భోంచేశాయి. ఇక మా కుక్క ఉంది చూశారూ, దాని సిగ్గు చిమడ! మొదటిరోజు అరిచింది, రెండోరోజు చూస్తూ కూర్చుంది, మూడోరోజు నుంచి అవి వదిలేసిన తలకాయలు తింటూ వాటికే కాపలా కాసింది.

చివరికి అర్జీ రాశారు. మావగారికి అర్జీ రాయడమంటే ఆవకాయ పెట్టినంత శ్రద్ధ. "అయ్యా, మా తోట వద్ద నాలుగు నీటికుక్కలు చేరి మిక్కిలి నష్టము కలుగజేయుచున్నవి. తక్షణము పట్టించవలెనని ప్రార్థన." అప్పుడే కొత్తగా వచ్చిన మండలాఫీసులో ఇచ్చి వచ్చారు. అక్కడివాళ్ళు దాన్ని నీటి దగ్గర తిరిగే కుక్కలని అర్థం చేసుకున్నారు.

నాలుగోరోజు ఒకే సైకిల్ మీద ఇద్దరు మనుషులు దిగారు. చేతిలో ఉచ్చుతాళ్ళు, గోనెసంచి.

"కుక్కలెక్కడున్నాయండీ?"

"నీళ్ళలో" అన్నారు మావగారు.

"స్నానానికి దిగాయాండీ?"

"స్నానమేంటయ్యా! అవి ఉండేదే అక్కడ!"

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గట్టు మీద మా కుక్క తోకాడించుకుంటూ పలకరించడానికి వెళ్ళింది. మెడలో ఉచ్చు పడింది. అది కుయ్యోమంది. నేను పొయ్యి దగ్గర్నుంచి గరిటెతో సహా పరిగెత్తాను. "అది మా కుక్క! వదలండి దాన్ని!" ఆ ఇంట్లో నా గొంతు పైకి లేవడం అదే మొదలు. మావగారే ఒకడుగు వెనక్కి వేశారు.

"నాలుగని రాశారు కదండీ. ఒకటైనా పట్టకపోతే మేమేం చెప్పుకోవాలి?" అని వాళ్ళు బతిమాలుతుండగా, గుంటలోంచి ఒక తలకాయ లేచింది. నోట్లో మూరెడు చేప. మమ్మల్నందరినీ చూసి తాపీగా మునిగింది.

"ఓరి నాయనో, ఇదాండీ! ఇది మా డ్యూటీ కాదండీ" అని ఉచ్చు విప్పేసి, సంచి నిండా చిన్నరసాలు అడిగి మరీ తీసుకుని వెళ్ళిపోయారు.

ఆదివారం వస్తున్నానని నాన్న ఉత్తరం రాశాడు. శనివారం మావగారు వల వేశారు. రెండు కప్పలు, ఒక పాత చెప్పు పడ్డాయి. మళ్ళీ వేశారు. ఆ చెప్పు జోడు పడింది. ఆయన గట్టు మీద కూలబడి చాలాసేపు లేవలేదు. అంతసేపూ లోపల నవ్వుకున్న నాకు అప్పుడు ఏడుపొచ్చింది.

ఆదివారం మావగారు మొదటి బస్సుకే నూజివీడు బజారుకెళ్ళి, చేతిసంచిలో చేప దాచుకుని వచ్చారు. ఐసునీళ్ళు కారుతున్నాయి. వలని తడిపి అందరికీ కనపడేలా దడి మీద ఆరేశారు.

"అమ్మాయ్..." అన్నారు, నా వైపు చూడకుండా.

"నేనేం చూడలేదు మావయ్యగారూ" అన్నాను, పసుపూ ఉప్పూ వేసి చేప కడుగుతూ.

నాన్న విస్తరి ముందు కూర్చున్నాడు. మావగారు తినకుండా ఆయన మొహమే చూస్తున్నారు. నాన్న వేళ్ళు తగలగానే, నిలవ చేపలా ముక్క చెదిరిపోయింది. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. ఆయన ఆ ముక్కని చూశాడు, నన్ను చూశాడు, మావగారిని చూశాడు.

"ఓడిపోయాను బావగారూ. ఇంత తాజా చేప మా ఇంట్లో కూడా తినలేదండీ" అన్నాడు.

మావగారి నవ్వుకి తోటలో కాకులు లేచాయి.

రసాల బుట్టతో బస్సెక్కబోతూ నాన్న నా చెవిలో, "ఐసు చేప తల్లీ. మన ఊరి చెరువులోదే అయ్యుంటుంది. మీ మావగారితో అనకు" అన్నాడు. నేను అనలేదు. మావగారు మాత్రం కొల్లేటి వియ్యంకుడు ఓటమి ఒప్పుకున్నాడని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పారు. ఏళ్ళ తరబడి చెప్పారు. విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

నాన్న పోయినప్పుడు నేను పుట్టింటికెళ్ళి, కర్మలన్నీ అయ్యాక తిరిగొచ్చాను. మావగారు వచ్చి నా పక్కన అరుగు మీద కూర్చున్నారు. కండువా అంచు నలిపారు.

"ఆ రోజు ముక్క చెదిరింది. మీ నాన్న దాన్ని గబగబా అన్నంలో కలిపేసుకున్నాడు, నాకు కనపడకూడదని" అన్నారు. "మెట్టవాణ్ణి గనక నాకు తెలీలేదనుకున్నావా అమ్మాయ్?"