వల ఆట

మొన్న ఆదివారం ఉదయం పెసరట్టు వేస్తూ ఉండగా ఫోనులో మా ఉపాధ్యాయుల గ్రూపునుంచి ఒక వీడియో వచ్చింది. తెనాలిలో ఒక కల్యాణమండపం; వేదిక మీద, శాలువాల మధ్య, ఒకప్పుడు మా బడి ప్రధానోపాధ్యాయురాలిగా పనిచేసిన, నేను అక్కా అని పిలిచే ఆవిడ. ఆమె ఉద్యోగ విరమణ సభ అది. మెడలో దండలు ఎక్కువై గడ్డం కొంచెం పైకెత్తి మాట్లాడుతున్నారు. "సముద్రం పక్క బడిలో పిల్లలు కదలకుండా కూర్చుంటుంటే చూడలేక, వల తాడు తెప్పించి ఆట ఆడించానండి. పిల్లలకి చదువెంత ముఖ్యమో పరుగూ అంతే ముఖ్యమని ఆనాడే నమ్మాను" అన్నారు. చప్పట్లు మోగాయి. ఇక్కడ పెసరట్టు మాడింది. దానిని పక్కన పెట్టి, వీడియోను మళ్ళీ మొదటినుంచి చూశాను, ఆ మాటలు అంటున్నప్పుడు ఆమె ముఖంలో చిన్న తడబాటైనా కనిపిస్తుందేమోనని. కనిపించలేదు.

మా ఇంట్లో పట్టా పుచ్చుకున్న మొదటి మనిషిని నేను. నాన్న సముద్రం మీద వేటకు వెళ్ళేవాడు. అమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని రేపల్లె వీధుల్లో చేపలు అమ్మేది. బాపట్లలో హాస్టలులో ఉండి చదువుకుని, రేపల్లెకు దిగువన తీరం పక్క ఊరిలోని ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయినిగా చేరాను. గంజి పెట్టిన చీర కట్టుకోవడం, మాట్లాడేముందు ప్రతి మాటనూ ఒకసారి లోపల చెప్పి చూసుకోవడం అప్పుడే అలవాటు చేసుకుంటున్న రోజులు. అక్క తెనాలినుంచి రైలులో రేపల్లె వచ్చి, అక్కడినుంచి ఆటోలో బడికి చేరేవారు. మొదటి రోజే "మేడం అనకు అమ్మాయ్, అక్కా అని పిలు" అన్నారు. తమ క్యారేజీలోని గోంగూర పచ్చడి అడగకుండానే నా పళ్ళెంలో వడ్డించేవారు. పచ్చడిలో కారం ఎక్కువగా ఉండేది, కళ్ళలో నీళ్ళు తిరిగేవి. కారంవల్లనో ఆ పిలుపువల్లనో తెలియనంతగా ఆమెను నమ్మాను.

ఆ బడి పిల్లలను చూస్తే నాకు ఆశ్చర్యంగా ఉండేది. మా చిన్నతనంలో మమ్మల్ని ఒకచోట కూర్చోబెట్టడమే పెద్దలకు పని. ఈ పిల్లలు మాత్రం మధ్యాహ్న భోజనం కాగానే గోడకు జారగిలబడి కునికేవారు. డ్రిల్లు పీరియడు అన్నది కాలపట్టిక మీద ఉండేది. ఆ సమయంలో ఎక్కాలు నడిచేవి. ఇంటికి వెళితే చేతిలో ఫోను. "నీళ్ళలోకి పోతారని ఫోనిచ్చి కూచోబెడుతున్నామండి" అని ఒక తల్లి నాతో చెప్పింది. ఆమెకు ఒక భయం తీరింది, నాకు ఇంకొకటి పట్టుకుంది. బడి చుట్టూ ఒక్క పరుగు తీస్తేనే మూడో తరగతి పిల్లలు ఆయాసంతో మోకాళ్ళు పట్టుకుంటున్నారు.

నాన్న పక్కన పడేసిన పాత వల తాడు ఒకటి తెచ్చాను. మా తీరంలో ఒడ్డు వల లాగే పద్ధతి ఒకటి ఉంది. పడవ మీద వెళ్ళి వలను సముద్రంలో దింపి, దాని రెండు తాళ్ళ కొసలనూ ఒడ్డుకు తెస్తారు. రెండు జట్లు దూరంగా నిలబడి లాగుతూ లాగుతూ ఒకరి దగ్గరకు ఒకరు జరుగుతారు. ఒక జట్టు తొందరపడితే వల వంకరపోయి చేపలు జారిపోతాయి. దీనినే ఆటగా మార్చాను. తాడు నడుమ ఒక పాత లారీ టైరు కట్టి, ఒకటో తరగతి పిల్లలను అందులో చేపలుగా కూర్చోబెట్టాను. రెండు కొసలు పట్టుకున్న రెండు జట్లూ ఒకే వైపుకు సమానంగా లాగితేనే టైరు ఇసుకమీద తిన్నగా వస్తుంది. లేకపోతే చేపలన్నీ కిలకిలమంటూ బోర్లాపడతాయి. ఓడిపోయేవాళ్ళు లేని ఆట. చేపల ఉద్యోగానికి ఎంత పోటీ ఉండేదంటే, నాలుగో తరగతి వస్తాదు ఒకడు "నేను సొరచేపనండి టీచర్" అని టైరులో ఇరుక్కుని కూర్చున్నాడు. వాడిని లాగడానికి రెండు జట్లూ చెమటలు కక్కాయి. అక్క వరండాలో కుర్చీ వేసుకుని చూసి, చీర చెంగుతో కళ్ళు ఒత్తుకుంటూ నవ్వారు. "కానివ్వు అమ్మాయ్. ఎవరన్నా అడిగితే నేను చెప్తాలే" అన్నారు.

అడిగేవాళ్ళు రానే వచ్చారు. తల్లిదండ్రుల సమావేశంలో ఒక నాయనమ్మ మనవరాలిని ముందుకు లాక్కొచ్చి, ఆ పిల్ల అరచేతిని తన అరచేతి పక్కన పెట్టి నాకు చూపింది. పిల్ల చేయి తాడు ఒరిసి ఎర్రగా కందింది. నాయనమ్మ చేయి కాయలు కాసి చెక్కలా ఉంది.

"ఏంటి పిల్లా ఇది? మా చేతులిట్టా అయింది తాడు లాగే కదా. దీని చెయ్యి ఇట్టా కాకూడదనేగా బడికి పంపింది? మీ నాన్న తాడు లాగి నిన్ను చదివిస్తే, నువ్వు మా పిల్లల చేత మళ్ళీ అదే తాడు లాగిస్తావా?"

తాడు బదులు మెత్తటి పాత చీరలు పేని వాడవచ్చని, అసలు వేరే ఆటలు ఆడించవచ్చని చెప్పాలని ఉంది. ముందు అక్క ఒక మాట అంటే తరువాత నేను అందుకోవచ్చనుకుని ఆమె వైపు చూశాను.

అక్క లేచి నిలబడ్డారు. "నేను వద్దనే చెప్పానండి. ఈ అమ్మాయి మీలోంచి వచ్చిందే కదా, ఆ అలవాట్లు ఇంకా పోలేదు. రేపట్నించి ఆటలే ఉండవు. అందరూ లోపల కూర్చుని చదువుకుంటారు" అన్నారు.

నాయనమ్మ అక్క వైపు తిరిగింది. "మా అలవాట్లేంటి మేడంగారూ? తాడొద్దన్నాం కానీ ఆటలొద్దని ఎవరన్నారండి?" అంది. కానీ అప్పటికే వెనకవరుసలో చప్పట్లు మొదలయ్యాయి. చదువుకుంటారు అన్న మాటకు మా ఊళ్ళలో ఎప్పుడూ చప్పట్లు పడతాయి.

మరునాడు నాయనమ్మ అన్న మాటనే పట్టుకుని అక్కను అడిగాను. "ఇప్పుడే సద్దుమణిగింది, మళ్ళీ కదపకు అమ్మాయ్" అన్నారు, ఎప్పటిలాగే పచ్చడి వడ్డిస్తూ. ఆ రోజు నేను పచ్చడి ముట్టుకోలేదు. వారం తిరగకుండానే ఆ తాడును ఆట స్థలం చుట్టూ గుంజలకు కట్టించారు, పిల్లలు అటు వెళ్ళకుండా. భోజనం అయ్యాక పిల్లలు వరండాలో వరుసగా కూర్చుని, ఆ తాడువైపు చూస్తూ కునికేవారు. సొరచేప కూడా. మరుసటి వేసవిలో నాకు బాపట్ల వైపు బదిలీ అయింది. ఇక్కడ డ్రిల్లు పీరియడులో ఎక్కాలు చెప్పనివ్వను. పేనిన పాత చీరతో వల ఆట ఆడిస్తాను. ఎవరి అండా అడగలేదు.

వీడియో కింద గ్రూపులో అందరూ దండాలు, పూలగుత్తులు పెట్టారు. నేను "అక్కా" అని రాసి, చెరిపివేసి, ఫోను బోర్లించాను. ఆ ఆట తనదని ఆమె చెప్పుకుంటే నాకేమీ తరగదు. అంత ఇష్టమైన ఆటే అయితే ఆనాడు ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. మంచి ఆట అని ఒప్పుకోవడానికి అక్కకు ఇన్నేళ్ళు దొరికాయి. ఆ వరండాలో కూర్చున్న పిల్లలకు మాత్రం ఎనిమిదేళ్ళ వయసు ఒక్క ఏడాదే ఉండింది.