మేనత్త ఇంటి ముందు ఆగని తప్పెట

మొన్న మా బామ్మర్ది శీను పెళ్లి ఆగిపోబోయింది. అయ్యవారు రాక కాదు, వాన వల్ల అంతకన్నా కాదు. మాది కడప జిల్లా, వానకు మా ఊళ్లో అంత పని ఉండదు. నా వల్లే. తప్పెట దరువును నేను మరీ చక్కగా సరిచేయడం వల్ల.

కడపలో మా మిద్దె మీద నాకో చిన్న రికార్డింగ్ స్టూడియో ఉంది. పెళ్లేమో మైదుకూరు పక్కన మా అత్తగారి ఊర్లో. ఆ ఊరి తప్పెట్ల జట్టు అదే రోజుకు బనగానపల్లెలో ఇంకో పెళ్లికి ఒప్పుకుని ఉంది. వాళ్ల దరువు ముందే రికార్డ్ చేసుకుని, ట్రాక్టర్ మీద స్పీకర్లు కట్టి మెరవణి, అదే పెళ్లికొడుకు ఊరేగింపు, నడిపిద్దామన్నాను. నన్నెవరూ అడగలేదు. అడగకుండా సలహా ఇవ్వడం అల్లుళ్లకు మామూలే కదా.

మామకు ఈ మెరవణి మీద ఒక ఆశ ఉంది. పొలం గట్టు తగాదాతో ఆయనకూ ఆయన చెల్లెలు సుబ్బమ్మత్తకూ ఏళ్లుగా మాటల్లేవు. మా వాళ్లలో పెళ్లికొడుక్కి బాసికం కట్టేది మేనత్తే. మెరవణి తన వాకిట్లో ఆగితే హారతి ఇచ్చి, పెళ్లికి వచ్చి బాసికం కడతానని ఆమె కబురు పంపింది. మామ ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

జట్టు పెద్ద ఓబులేసు స్టూడియోకొచ్చి, కళ్లు మూసుకుని, మొదటి నుంచి చివరిదాకా ఒకే ఊపులో వాయించాడు. బ్రహ్మాండంగా వాయిస్తాడు. కానీ ఒక దెబ్బ ముందు పడుతుంది, ఒకటి వెనక. పైగా ఉన్నట్టుండి నెమ్మదిస్తాడు, పూర్తిగా ఆగుతాడు, ఏదో గొణుక్కుంటాడు, మళ్లీ అందుకుంటాడు. పాపం వయసైపోయిందనుకుని టీ తెప్పించాను.

తర్వాత నా పని మొదలు. కంప్యూటర్ తెర మీద తాళానికి నిలువు గీతలుంటాయి. ప్రతి దెబ్బనూ కోసి దాని గీత మీదికి జరపాలి. పూర్తిగా జరిపితే పిండిమర ఆడినట్టు వినిపించింది, మనిషి కనపడలేదు. అందుకని గీతకు అంటీ అంటనట్టు వదిలాను. పెద్ద దెబ్బల్ని గట్టిగా నిలబెట్టి, ఎడమ చేతి సన్నపుల్ల దెబ్బల్ని కాస్త వెనకబడనిచ్చాను. హ్యూమన్ ఫీల్ అంటే ఇదీ అని మా ఆవిడకు క్లాసు కూడా పీకాను. ఆమె చిక్కుళ్లు ఒలుచుకుంటూ విన్నది. ఆ ఆగిన చోట్లు మాత్రం దండగనిపించి మొత్తం తీసేశాను. గొణుగుడుతో సహా.

పెళ్లినాటి సాయంత్రం శీనును ఎక్కించుకుని ట్రాక్టర్ కదిలింది. దరువు అదిరింది. పిల్లకాయలు ఆగకుండా ఎగురుతున్నారు, దరువు ఆగితే కదా వాళ్లు ఆగేది. ట్రాక్టర్ కూడా దరువుతోపాటే పోతోంది. నేను స్పీకర్ల పక్కన కూర్చుని కళ్లు మూసుకుని నా పనితనాన్ని నేనే వింటున్నాను. ఒకసారి కళ్లు తెరిస్తే వెనక దూరంగా మామ రెండు చేతులూ ఊపుతున్నాడు. బాగా నచ్చినట్టుంది, ఇంకా పెంచమంటున్నాడు అనుకుని పెంచాను.

కల్యాణ మండపం చేరేసరికి అక్కడ వంటవాళ్లు ఉల్లిగడ్డలు కోస్తున్నారు. ఎదురు రావాల్సిన పెళ్లికూతురి వాళ్లు ఇంకా బస్సులోనే ఉన్నారు. మామ రొప్పుతూ వచ్చాడు.

"మా చెల్లెలు హారతి పళ్లెం పట్టుకుని వాకిట్లో నిలబడుకోనుండాది. దాని మొకం మీద దుమ్ము కొట్టి పోతివి గదప్పా" అన్నాడు. అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు.

భయంతో ఓబులేసుకు ఫోన్ చేశాను. వాయించేటప్పుడు మధ్యలో ఏం గొణిగావని అడిగాను. "ఎవురిల్లు వచ్చిందో, యాడ నిలబడల్లో అనుకుంటాంటి. కళ్లు మూసుకుంటే ఊరి ఈదంతా కనబడతాది గదా" అన్నాడు. అంటే నేను కోసి పారేసింది దండగ కాదు. మా బంధువుల ఇళ్లు, వరసగా.

సుబ్బమ్మత్త తలుపు వేసుకుంది. బతిమాలడానికి పోతే లోపల నుంచే చెప్పింది: "మెరవణి మల్ల రావల్ల. ఈడ నిలబడల్ల. అప్పుడే బాసికం."

ట్రాక్టర్ డ్రైవర్ భోజనానికి పోయాడు, పిల్లకాయలు అలిసి కూలబడ్డారు. ఓబులేసు ఇంట్లో ఒక పాత తప్పెట దొరికింది. ఊళ్లో ఖాళీగా ఉన్న చేతులు నావే. నేను ముందు తప్పెట కొడుతూ, శీను వెనక తలపాగా సర్దుకుంటూ, మొదటింటి నుంచి మళ్లీ బయలుదేరాం. జీవితంలో నేను తప్పెట పట్టడం అదే మొదలు. ప్రతి వాకిట్లో ఆగాం. ప్రతి వాకిట్లో నవ్వారు.

సుబ్బమ్మత్త తలుపు తీసింది. హారతి ఇచ్చి, అన్నను చూసి, "బక్కపడినావే" అంది. మామ కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. అది చూసి నా దరువు ఇంకొంచెం చెడింది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. మండపం దాకా ఆమె అడుగుకొక దెబ్బ లెక్కన వాయించాను. బాసికం ఆలస్యంగానే అయినా ఆమె చేతులతోనే కట్టింది.

నిన్న వీడియో తీసిన అబ్బాయి ఫోన్ చేశాడు. "అన్నా, రెండో మెరవణిలో తప్పెట శానా అడ్డదిడ్డంగా ఉండాది. ఎవురు కొట్టినారో ఏమో. నువ్వు స్టూడియోలో రవ్వంత సరిచేసి ఇస్తావా?"

"ముట్టుకోవాకు, అది హ్యూమన్ ఫీల్" అని పెట్టేశాను.