పాటలో పడ్డ దగ్గు

బతుకమ్మకు డీజే వాళ్లు పెట్టే మోత నాకు గిట్టదు. అందుకే నిరుడు, మా బాపు మైకుసెట్టు నడిపిన రోజుల నాటి రికార్డులు అటక మీంచి దింపి, పండుగ పాటలన్నీ వరసగా ఫోన్లోకి ఎక్కించాను. ఆ పాత ప్లేయరుకు వైరు కలిపే దారి లేదు. స్పీకరు ముందు ఫోను పెట్టి, రికార్డింగు నొక్కి కూర్చున్నాను.

పక్కనే మా అమ్మ (నేను అవ్వ అనే పిలుస్తాను) చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. బోధన్‌లో చెరుకు ఫ్యాక్టరీ మూతబడ్డాక మా వాడలో ఇంటింటికీ బీడీల చాటే దిక్కయింది.

"జర సప్పుడు చెయ్యకు అవ్వా, పాటల పడ్తది" అన్నాను.

"నేనేం సప్పుడు చేస్తున్న బిడ్డా?" అంది.

నిజమే, నాకూ ఏమీ వినబడలేదు. రోజూ ఉండే చప్పుడు చెవికి ఆనదు కదా.

సద్దుల బతుకమ్మ నాడు వాడ నడుమ పెద్ద స్పీకర్లలో ఆ పాటలు పెట్టాను. ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ తిరుగుతున్నారు. మొదటి చరణం అయింది. అందరూ వంత అందుకునే లోపే స్పీకర్లలోంచి అవ్వ దగ్గు వచ్చింది. పొడి దగ్గు, తంబాకు దుమ్ము దగ్గు. నాకు తల కొట్టేసినట్టయింది. అందరూ నవ్వుతారనుకున్నాను.

ఎవరూ నవ్వలేదు. స్పీకరులో అవ్వ మళ్లీ దగ్గింది. ఈసారి వరసలో అటు ఒకామె దగ్గింది, ఇటు ఇంకొకామె. తర్వాత వంత పాడినట్టే ఒకరి వెనక ఒకరు దగ్గారు.

అందరికంటే చివర దగ్గింది మా చెల్లె. అది చాట పట్టి ఇంకా ఏడాది కాలేదు.