నీడ పడిన ఫోటో

నాకు ఫోటోల పిచ్చి. పిచ్చి అన్న మాట నాది కాదు, మా ఆవిడది. రాజోలు వైపు బళ్ళలో పాఠాలు చెప్పుకుంటూ, సెలవు దొరికితే చాలు కెమెరా మెడలో వేసుకుని గోదావరి గట్లంట తిరిగేవాణ్ని. ఏరు దాటించే పంటు మీద మోటారు సైకిళ్ళకి ఆనుకుని కునికే మనుషులు, కొబ్బరికాయలు ఒలిచే చేతులు, వరదకి కాలవలోకి ఒరిగిన చెట్లు, అన్నీ తీసేవాణ్ని. రీలు రోజులు పోయి ఫోను రోజులొచ్చినా ఆ పిచ్చి తగ్గలేదు.

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. నా మొహమూ అంతేనాండీ?" అని దెప్పేది మా ఆవిడ. అది శుద్ధ అన్యాయం. ఆవిడవి లెక్కలేనన్ని తీశాను. లేనిదల్లా మేమిద్దరం కలిసున్న ఫోటో. పెళ్ళి ఆల్బమ్ చెదలు తినేసింది. ఆ తర్వాత ఎవరు తీస్తామన్నా కెమెరా వాళ్ళ చేతికిచ్చేవాణ్ని కాదు. తలలు తెగ్గొట్టి, సముద్రాన్ని ఓ పక్కకి ఒరగదీసి తీసే ఫోటో ఉంటే ఎంత, లేకపోతే ఎంత?

ఆమధ్య ఆవిడకి జబ్బు ముదిరింది. ఇక ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నారు డాక్టర్లు. ఓ మధ్యాహ్నం మంచం మీద లేచి కూర్చుని ఫోటోల పెట్టె తెమ్మంది. మావైపు ఇప్పుడు ఫ్లెక్సీ లేని పెద్దకర్మ లేదు. వీధి మొదట్లో ఫ్లెక్సీ కడతారు, ఇంట్లో అదే ఫోటోకి పటం కట్టించి దండ వేస్తారు. ఆ ఫోటో తనే ఎంచుకుంటానంది. "ఏం మాటలవి?" అని అరిచాను.

"అరవకండి. మీకొదిలేస్తే వెలుతురు బాగుందని ఏదో ఒకటి పెట్టేస్తారు," అంది.

వెతికి వెతికి, పాడైపోయిందని నేను పక్కన పడేసిన ఫోటో పైకి తీసింది. అంతర్వేదిలో, సాయంత్రప్పూట, ఇసకలో నిలబడి నావైపు చూసి నవ్వుతోంది. ఎండ నా వెనక ఉండటంతో నా నీడ సాగి ఆవిడ చీర మీద పడింది. కెమెరా పట్టుకున్న మోచేతులు కూడా తెలుస్తున్నాయి. కొత్తగా కెమెరా పట్టినవాళ్ళు చేసే తప్పు అది.

"ఇది వద్దు, నీడ పడింది," అన్నాను.

"అందుకేగా తీశాను. మనిద్దరం ఉన్నది ఇదొక్కటే. ఇదే పెట్టించండి. మాటివ్వండి."

ఇచ్చాను. వానలు మొదలవకముందే ఆవిడ వెళ్ళిపోయింది.

పెద్దకర్మ పనులన్నీ ఆవిడ అన్నయ్యే చూశారు. ఫోటో చూడగానే ఆయన మొహం మాడిపోయింది.

"ఇదేంటండీ బావగారూ! బతికున్న మనిషి నీడ పోయినవాళ్ళ పటంలో ఉండకూడదండి. దానికి దండేస్తే మీక్కూడా వేసినట్టేనండి."

"మీ చెల్లెలు కోరిందండీ. నేను మాటిచ్చాను. దాన్ని ముట్టుకోవద్దు," అన్నాను గట్టిగానే.

"ఆయ్," అన్నారు తల దించుకుని. సరేనన్నట్టే వినబడే మా గోదారోళ్ళ ఆయ్‌ని నమ్మి నేను ఊరుకున్నాను.

పెద్దకర్మ నాటి ఉదయం రేవులో కర్మ ముగించుకుని వచ్చేసరికి వీధి మొదట్లో ఫ్లెక్సీ, ఇంట్లో పటం సిద్ధంగా ఉన్నాయి. రెండిట్లోనూ నీడ లేదు. కొత్తపేట స్టూడియోలో చెరిపించేశారు. నేను నోరు తెరిచేలోపే బావగారు నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేశారు. "దాన్ని ఎలాగూ దక్కించుకోలేకపోయేనండి. మీరన్నా ఉండాలండి," అన్నారు. అలాంటి మనిషి మీద ఏమని కోప్పడను? దండ తెచ్చి నా చేతికిస్తే నేనే వేశాను.

జనం భోజనాలకి లేచాక పటం దగ్గరగా వెళ్ళి చూశాను. జన్మంతా ఫోటోలు చూసిన కళ్ళు నావి. నన్ను ఎక్కడ చెరిపారో ఎంత వెతికినా దొరకలేదు. చీర మీద మరక లేదు, ఇసక మీద గీత లేదు. ఎవరూ లేని చోటుకేసి చూసి నవ్వుతోంది మా ఆవిడ.